లీటరుకు ఎనిమిది

రాచర్ల చుట్టుపక్కల గొర్రెల బేరంలో రంగనాయకులంత జాగ్రత్తపరుడు లేడు. పొట్టేలును కొనాలంటే పళ్ళు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, వెన్ను మీద బొటనవేలు నొక్కి చూసేవాడు. అంతటితో ఆగక ఎండలో మైలు దూరం నడిపించి, అప్పుడు బేరానికి దిగేవాడు. అంతటి మనిషి, రాష్ట్రం రెండుగా చీలిన రెండో ఏడు, సగం మందను అమ్మేసి ఎవరో పదేళ్ళు వాడి వదిలేసిన డీజిల్ పికప్ బండిని కొన్నాడు. కొనేముందు దాన్ని ఖాళీగా నడిపి చూసుకున్నాడు. ఏం చెప్పాలి ఆయనకు!

ఆయన బాధ ఆయనది. ఆ ఏడు వాన పేరుకు కూడా పడలేదు. బీళ్ళలో గడ్డిపోచ లేదు. మిగిలిన అరవై రెండు గొర్రెల్లో సగానికి పైగా చూడివి. వాటిని నల్లమల దాటించి నంద్యాల కాలవల కిందికి తోలుకుపోతే దారిలోనే కడుపులు పోతాయి. గొర్రెలు గడ్డి దగ్గరికి పోలేనప్పుడు గడ్డే గొర్రెల దగ్గరికి రావాలి గదా అనుకున్నాడు. నంద్యాల వైపు వరిగడ్డి దొరుకుతుంది. వారానికి రెండుసార్లు తెచ్చి పోస్తే తొలకరి దాకా మంద నిలబడుతుంది. అన్నీ ఈనితే సగం మంద మళ్ళీ లేచినట్టే.

మార్కాపురంలో పాత బండ్లు అమ్మే నరసింహం, ఆయన కళ్ళెదుటే ఇంజన్‌కు లీటరు సీసా తగిలించాడు. చదునైన రోడ్డు మీద ఆ డీజిల్ అయిపోయేదాకా నడిపించాడు. రంగనాయకులు పక్క సీట్లో కూచుని కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగో రాయి దాటాక బండి ఆగింది. నరసింహం అబద్ధం ఆడలేదు. మోసం చేసినవాణ్ణయితే పోయి నిలదీయొచ్చు, ఇక్కడ ఆ వీలు కూడా లేకపోయింది.

మొదటి ట్రిప్పులోనే, గడ్డి వేసుకుని తిరిగొస్తుంటే, బండి గిద్దలూరు చేరకముందే ఆగిపోయింది. క్యాను పట్టుకుని బంకు దాకా నడిచిపోయి, పోసిందీ తిరిగిందీ లెక్క చూసుకుంటే లీటరుకు ఎనిమిది కిలోమీటర్లే తేలింది. గిద్దలూరులో మెకానిక్ యేసుదాసు షెడ్డు ముందు గడ్డి లోడుతోనే బండి నిలిపాడు. యేసుదాసు గాలి ఫిల్టరు దులిపాడు, చక్రాలు పైకెత్తి తిప్పి చూశాడు, పంపు చూశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ వెనక్కి వచ్చి, బండి కంటే రెండింతలు ఎత్తున్న గడ్డిమోపు వైపు తల ఎత్తాడు.

“బండికి రోగం లేదు మామా. రోగమంతా నీ గడ్డిలోనే ఉంది.”

“ఏందబ్బీ నువ్వనేది? గడ్డి బరువెంత? రాళ్ళేసుకొచ్చినానా?”

“బరువు కాదు మామా, గాలి. అంత ఎత్తున గోడ మాదిరి కట్టుకొస్తివి. గాలిని తోసుకుంటా నల్లమల ఘాటెక్కాల. డీజిలంతా దానికే పాయె.”

“తగ్గించి కడితే?”

“మైలేజీ పెరుగుతాది. గడ్డి తగ్గుతాది.”

అదీ సంగతి. ఎత్తు కడితే డీజిల్ చాలదు, తగ్గించి కడితే మేత చాలదు. రంగనాయకులు రెండూ చేసి చూశాడు. టైర్లలో గాలి గట్టిగా కొట్టించాడు. స్టెప్నీ ఇంట్లో దించేశాడు. సీటు కింది జాకీ తీసేశాడు. వెనక తలుపు కూడా ఊడదీసి తాళ్ళతో సరిపెట్టాడు. ఎనిమిది పోయి ఎనిమిదిన్నర అయింది. ఆ అర కిలోమీటరుకే మురిసిపోయాడు పిచ్చి మారాజు.

ఈలోగా దొడ్డిలో తొమ్మిది గొర్రెలు పడిపోయాయి. వారానికి రెండనుకున్న ట్రిప్పు ఒకటయింది, తర్వాత పది రోజులకొకటి. ఆయన భార్య శ్రీశైలమ్మ ఇంట్లోకి దాచుకున్న జొన్నలు గంజి కాచి చూడి గొర్రెల నోట పోసింది. గొర్రెల డొక్కలు చూస్తుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అప్పుడే ఘాటు రోడ్డులో లారీవాళ్ళు ఒకరిద్దరు చేసే పని కంటబడింది. దిగుడు రాగానే ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో బండిని జారవిడుస్తారు. చుక్క డీజిల్ కాలదు. ఇంజన్ తిరుగుతుంటేనే బ్రేకుకు బలమనీ, ఆపేశాక రెండు మూడు తొక్కులకు మించి పట్టదనీ యేసుదాసు చెప్పాడు. రంగనాయకులు విన్నాడు. విని, ఎక్కి అలిసిన గొడ్డుకు దిగేటప్పుడు కాసేపు విశ్రాంతి ఇస్తే తప్పేమిటన్నాడు. గొర్రెల కాపరి బుద్ధి అది. ఇనుమును కూడా ప్రాణమున్నదానిలాగే చూశాడు.

ఆ పద్ధతిలో మూడు ట్రిప్పులు గట్టెక్కాయి. నాలుగోది మాఘం వెళ్ళిపోతుండగా, మిట్టమధ్యాహ్నం. ఇంటి దగ్గర గడ్డి అయిపోయి రెండు రోజులయింది. బండిలో పట్టినంతా కట్టుకొచ్చాడు. ఘాటెక్కేసరికి డీజిల్ ముల్లు అడుగంటింది. ఇక కొండ కింది దిగువమెట్ట దాకా దిగుడే. తాళం తిప్పి ఇంజన్ ఆపాడు.

మొదటి మలుపులో బ్రేకు పట్టింది. రెండో మలుపులో కొంచెం గట్టిగా తొక్కాల్సి వచ్చింది. మూడో మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు. నంద్యాల వైపు మేపుకు పోయి, జాగా దొరక్క తిరిగి నడిచొస్తున్న మంద. వెనక కర్ర పట్టుకుని ఒక ముసలాయన. రంగనాయకులు బ్రేకు తొక్కాడు. కాలి కింద అది బండరాయి. తాళం తిప్పితే ఇంజన్ గురగురమంది గానీ అందుకోలేదు. కుడివైపు లోయ, ఎదురుగా గొర్రెలు. ఆయన చేతులు స్టీరింగును ఎడమవైపు కొండగట్టుకు తిప్పేశాయి.

బండి గట్టును గుద్దుకుని పక్కకు ఒరిగింది. తాళ్ళు తెగి గడ్డంతా రోడ్డు మీద పడింది. నుదుటి నెత్తురు తుడుచుకుంటూ రంగనాయకులు అద్దం పగిలిన సందులోంచి బయటికొచ్చాడు. ముందు ఇరుసు వంగిపోయింది, రేడియేటరు కారిపోతోంది. చెదిరిన గొర్రెలు నిమిషం నిలబడి చూశాయి. తర్వాత ఒక్కొక్కటే వచ్చి గడ్డిలో మూతులు పెట్టాయి. అన్నీ ఎముకల గూళ్ళే. వాటిలోనూ చూడివి ఉన్నాయి, ఆయనకు చూడగానే తెలిసింది.

ముసలాయన సిగ్గుతో చచ్చిపోతూ కర్ర ఝళిపించాడు. “హేయ్! హేయ్! నాయనా, మాకోసరం బండి పోగొట్టుకుంటివి, మళ్ళ నీ గడ్డి గూడానా...”

రంగనాయకులు వచ్చి ఆ కర్ర పట్టుకున్నాడు. “కొట్టాకు పెద్దాయనా. యాడికి మోసుకుపోతా నేను దాన్ని? తిననీ.”

అని గట్టు మీద కూలబడ్డాడు. ఆకలిగా ఉన్న గొర్రె గడ్డి నమిలే చప్పుడంటే ఆయనకు ప్రాణం. ఆ చప్పుడే ఇప్పుడు గుండెను కోసింది. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

జేబులో ఫోను మోగింది. శ్రీశైలమ్మ.

“ఏమయ్యా, యాడిదాకా వచ్చినావు? ఇంకో రెండు లేవలేకుండా ఉండాయి.”

“గడ్డి రాదు, శ్రీశైలం. బండి పోయింది. నాకేం కాలేదు.” నుదుటి నెత్తురు మళ్ళీ తుడుచుకున్నాడు. “కటికోళ్ళకు ఫోను చెయ్యి. సందకాడికి రమ్మను. ఉన్నవన్నీ తోలుకుపొమ్మను.”

శ్రీశైలమ్మ ఒక్కటే అడిగింది.

“చూడివి గూడానా?”

“చూడివి గూడా,” అన్నాడు రంగనాయకులు.