పసుపు చీర బొమ్మ

తొంభైల్లో భిలాయి సెక్టర్ సెవెన్‌లో మా పక్క క్వార్టర్ పిన్ని తన చెల్లెలి బొమ్మ వేసేది. చీరకి పసుపు రంగు దిద్ది, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ పక్కన పెట్టేసేది. "రేపు ఎయ్యొచ్చులే" అనేది. ఆ రేపు ఎన్నేళ్ళైనా రాలేదు.

కాలేజీలో చేరిన కొత్తలో నాకు అన్నిటికీ అర్థాలు చెప్పే సరదా. "పసుపంటే శుభం కదా పిన్నీ, ఇది చెల్లెలి పెళ్ళి బొమ్మా?" అన్నాను.

"ఏటి పెళ్ళమ్మా. ఇజీనగరంలో ఉన్నప్పుడు ఈ చీర ఒక్కసారి కట్టుకుంటానని అడిగింది. నలిగిపోతాదని ఇవ్వలేదు. ఆ నెల్లోనే జ్వరంతో పోయింది. ఆఖరికి దాని మీద ఇదే కప్పాను."

పెన్సిల్ తీసుకుని, "కళ్ళు నేను వేస్తాను, నవ్వుతున్నట్టు" అన్నాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. నవ్విందంటే నన్ను క్షమించీసినట్టుంటాది."