నా బండిలో ఎవరిదో పెట్టె

పాత కారు రోడ్డు మధ్యలో ఆగిపోవడం మామూలైపోయాక, క్లాంగ్ పట్నంలో సెకండ్‌హ్యాండ్ బళ్ళు అమ్మే ఒకాయన దగ్గర చిన్న బూడిదరంగు కారు కొన్నాను. ఒక్క ఆడమనిషి నడిపిన బండి, ఒంటి మీద గీత లేదు అన్నాడాయన. నిజంగానే గీత లేదు. సీట్లు కూడా కొత్తగా ఉన్నాయి. నేను సుబాంగ్‌లో ఒక డయాలిసిస్ సెంటర్లో నర్సుని. పొద్దు పొడవకముందే మొదటి షిఫ్టు రోగులు వచ్చి కూర్చుంటారు. తాళం తిప్పగానే కదిలే బండి ఉంటే చాలు నాకు. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. అన్న కుటుంబం షా ఆలంలో ఉంటుంది.

కొన్న మర్నాడే బండి కూసింది. సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా బ్రేకు వేశాను. స్టీరింగ్ కింద ఎక్కడినుంచో కీచుమని సన్నటి చప్పుడు వచ్చింది. మలుపు తొందరగా తిప్పితే మళ్ళీ కూసింది.

పక్క సీట్లో ఉన్న అమ్మ ఉలిక్కిపడింది. "ఏటే ఇది, మనల్ని తిట్టినట్టు కూత్తంది?"

"నాకూ తెల్దమ్మా."

ఆదివారం అన్న ఇంటికొచ్చినప్పుడు అడిగాను. కారు తలుపు కూడా తెరవకుండానే, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలించి చెప్పేశాడు. "సెన్సర్ లా, సెల్లీ. ఇప్పుడు అన్నిట్లోనూ ఉంటాది. నువ్వు నెమ్మదిగా తోలు, అదే కూయదు."

నెమ్మదిగానే తోలాను. ఫెడరల్ హైవే మీద నెమ్మదిగా తోలడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకే తెలుసు. సందుల్లోంచి మోటార్‌సైకిళ్ళు దూసుకొస్తాయి, ముందు లారీ చెప్పాపెట్టకుండా ఆగుతుంది, వెనకవాడు హారన్ మోగిస్తాడు. ఎవరు తప్పు చేసినా కూత మాత్రం నా మీదే. రానురాను దానికి భయపడటం మొదలుపెట్టాను. బ్రేకు మీద కాలు పెట్టబోతూ, ఇప్పుడు కూస్తుందేమోనని ఒక్క క్షణం ఆలోచించేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం జోరుగా వాన పడుతుంటే, తిండి పొట్లాలు చేరవేసే కుర్రవాడు ఒకడు నా ముందే జారి పడ్డాడు. అప్పుడూ ఆ ఒక్క క్షణం ఆగింది నా కాలు. బండి అతని మోకాలికి జానెడు దూరంలో నిలబడింది. పెద్దగా కూసింది. కుర్రవాడు లేచి, నాకు దండం పెట్టి, తన మోటార్‌సైకిల్ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను పక్కకి ఆపి, ఒళ్ళంతా వణుకుతుంటే స్టీరింగ్‌ని చేత్తో కొట్టాను. నా కాలికీ నా బుద్ధికీ మధ్య దూరిన ఈ చప్పుడు ఎవరు పెట్టింది? ఎందుకు పెట్టింది?

ఆ ప్రశ్నకు జవాబు తనంతట తనే మా గేటు దాకా వచ్చింది.

అంతకుముందే ఆ మనిషిని రెండుసార్లు చూశాను. మొదటిసారి మా సెంటర్ పార్కింగులో. నేను కారు ఎక్కుతుంటే ఎదురుగా నిలబడి నా ముఖంలోకి చూసి వెళ్ళిపోయాడు. ఎవరో రోగి బంధువనుకున్నాను. రెండోసారి చర్చి దగ్గర. ఆరాధన అయిపోయి బయటికి వచ్చేసరికి నా కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వేడి చూస్తున్నాడని తర్వాత అర్థమైంది. బండి ఎప్పుడు వచ్చిందో కనుక్కుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి తీసేసి, ఫోన్ చూసుకుంటూ నడిచిపోయాడు.

మూడోసారి సాయంత్రం. అమ్మ కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తోంది. గేటు బయట హారన్ మోగింది, ఆగలేదు. వెళ్ళి చూస్తే అతనే. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. ఏ జాతివాడో ఇక్కడ అనవసరం, అన్ని జాతుల్లోనూ ఉన్నారు. మలయ్ కొంత, ఇంగ్లీషు కొంత కలిపి మాట్లాడాడు.

"ఆమెని బయటికి పంపు," అన్నాడు.

"ఎవరిని?"

"నా భార్యని. లోపలే ఉంది. నువ్వు దాచిపెట్టావు."

ఇల్లు తప్పు వచ్చారని చెప్పాను. అతను నవ్వి, ఫోన్ తీసి గేటు ఊచల మధ్యనుంచి నా ముఖం ముందు పెట్టాడు. "ఇల్లు తప్పా? నిన్న సాయంత్రం నుంచి బండి ఇక్కడే ఉంది. ఆదివారం చర్చిలో ఉంది. చూడు."

చూశాను. తెర మీద మ్యాపు. మా వీధి. మా వీధిలో మా ఇల్లు. మా ఇంటి మీద నీలం చుక్క. అతను వేలితో వెనక్కి జరుపుతూ పోయాడు. నేను డ్యూటీకి వెళ్ళిన దారులు, అమ్మని తీసుకెళ్ళిన కంటి ఆసుపత్రి, పొద్దున్నే చేపలు కొన్న పసార్ సంత, జాకెట్లు కుట్టించడానికి వెళ్ళిన బ్రిక్‌ఫీల్డ్స్ వీధి, అన్నీ గీతలు గీతలుగా ఉన్నాయి. ఎప్పుడు బయల్దేరానో, ఎంతసేపు ఆగానో కింద రాసి ఉంది. హైవే మీద ఒకచోట ఎర్ర గుర్తు, దుడుకుగా బ్రేకు అని. ఆ కుర్రవాడు పడిన చోటు అది. నేను వణుకుతూ కూర్చున్న ఆ మధ్యాహ్నం కూడా ఈ మనిషి జేబులో ఉంది.

నాకు ముందు భయం వేయలేదు. ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చినట్టయింది. "ఈ బండి నేను కొన్నాను. నా డబ్బుతో కొన్నాను. నా పేరు మీద ఉంది. మీ ఆవిడెవరో నాకు తెలియదు," అని అరిచాను.

కాసేపు నమ్మలేదు. నమ్మగానే గొంతు మారిపోయింది. చెల్లెమ్మా అన్నాడు. బండికి ఇన్సూరెన్సు తనే కట్టేవాడట. జాగ్రత్తగా నడిపేవాళ్ళకి తగ్గింపు ఇస్తారని, దుడుకుగా నడిపితే కూసే కంపెనీ పెట్టె పెట్టించాడట. భార్య చెప్పకుండా వెళ్ళిపోయిందట, బండి అమ్మేసిందని ఇప్పుడే తెలిసిందట. "ఎక్కడ కొన్నావో చెప్పు చాలు. ఆమె నంబరు వాళ్ళ దగ్గర ఉంటుంది. ఆ పెట్టెని మాత్రం ముట్టుకోకు, అది నాది."

అమ్మకి మలయ్ బాగా వచ్చు. అంతా విన్నది. నీళ్ళ గొట్టం చేతిలో అలాగే పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. "ఆ పిల్ల నీ దగ్గర ఉండలేక పారిపోయినాదిరా! ఎల్లు ఈడినుంచి!" అని తెలుగులోనే అరిచి, గొట్టం అతని వైపు తిప్పింది. ఇస్త్రీ చొక్కా తడిసిపోయింది. పక్కింటి చైనీస్ తాత బయటికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు గానీ కదల్లేదు ఆ మనిషి.

అతని ఫోన్ తెర మీద చూసిన పేరు గుర్తుపెట్టుకుని, మర్నాడు ఆ ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి పలికింది. ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాద గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

"మేడమ్, మీరు మా కస్టమర్ కాదు. పెట్టె తీయమని ఖాతాదారే అడగాలి."

"ఆ ఖాతాదారే నా వెంట పడుతున్నాడమ్మా. నిన్న మా గేటు దాకా వచ్చాడు."

"సారీ మేడమ్. ఆయన వివరాలు మీతో మాట్లాడకూడదు. అది ఆయన ప్రైవసీ."

ఆయన ప్రైవసీ! నేను ఏ పూట ఎక్కడ చేపలు కొన్నానో అతని ఫోన్లో ఉంది, అతని పేరు నా నోట రాకూడదట. ఇంకా చెప్పింది ఆ అమ్మాయి. పరికరం కంపెనీ సొత్తు, విప్పితే వాళ్ళకి తెలిసిపోతుంది, పాడైతే నాదే బాధ్యత. బండి అమ్ముడై పాలసీ రద్దయినప్పుడు మీరెందుకు తీయలేదని అడిగితే, సంబంధిత విభాగానికి తెలియజేస్తానంది. ఫోన్ పెట్టేశాక వంటగదిలో గిన్నెలు విసిరికొట్టాను. స్టీలు గిన్నెలు కాబట్టి సరిపోయింది.

బండి అమ్మినాయన దగ్గరికి వెళితే, ఆంటీ, డాష్‌బోర్డు కింద ఏముందో మేము విప్పి చూస్తామా అన్నాడు. చూడాల్సింది మీరే కదా అని ఆయన ఆఫీసులో అందరికీ వినబడేలా చెప్పాను. ఒక మాట మాత్రం తీసుకున్నాను. బండి అమ్మడానికి వచ్చినవాళ్ళ నంబరు ఎవరు అడిగినా ఇవ్వకూడదు. వాళ్ళకి ఫోన్ చేసి, బండిలో ఫలానా పెట్టె ఉండిపోయిందని, అతను వెతుకుతున్నాడని చెప్పాలి. నా నంబరు కూడా ఇచ్చి వచ్చాను.

అన్నకి చెబితే నిట్టూర్చాడు. "ఎందుకు సెల్లీ ఈ గోల? ఆడి పెళ్ళాం ఊసు ఆడిది. ఆ పెట్టె ఆడికి ఇచ్చీసి ఊరుకో."

"ఆడు నా ఎనకాల తిరిగినాడన్నా! నానేటి ఇప్పుడు ఆడి పెళ్ళాన్నా? పెళ్ళామైనా తిరగొచ్చునా?"

ఆ వారమంతా నేను అన్నతో మాట్లాడలేదు.

పోలీసు స్టేషన్లో రిపోర్టు రాయించాను. అక్కడి మహిళా అధికారి నా వయసుదే. నిన్ను ముట్టుకున్నాడా అని అడిగింది. లేదన్నాను. కలం ఆపి నా వైపు చూసి, బండి నీదే కదా, నీది కానిదాన్ని తీసి తీసుకురా అంది. ఎన్నాళ్ళకో ఒక మనిషి సూటిగా మాట్లాడింది.

వర్క్‌షాపు నడిపే తమిళతను పెట్టెను చూపించాడు గానీ చెయ్యి పెట్టలేదు. "అక్కా, నాన్ తొడ మాట్టేన్," అన్నాడు. ఇన్సూరెన్సు వాళ్ళతో పేచీ వస్తుందని తను ముట్టుకోనన్నాడు. ఏ తీగలు కారువి, ఏవి దానివి అన్నది మాత్రం టార్చి వేసి చూపించాడు. ముందు బ్యాటరీ తీగ విప్పమన్నాడు.

ఇంటికి వచ్చి పనిముట్లు తీసి, కారు తలుపు తెరిచాక ఒక ఆలోచన వచ్చి ఆగిపోయాను. ఇక్కడ తీసేస్తే అతని ఫోన్లో ఆఖరి చుక్క మా ఇంటి మీదే ఉండిపోతుంది. ఎప్పుడు చూసినా మా గేటే కనబడుతుంది.

"అమ్మా, చెప్పులేసుకో. బలాయ్‌కి ఎల్దాం," అన్నాను. పోలీసు స్టేషన్‌ని మా ఇంట్లో బలాయ్ అనే అంటాం.

స్టేషన్ ఆవరణలో, జెండా స్తంభానికి ఎదురుగా కారు ఆపాను. మిట్టమధ్యాహ్నం. బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ విప్పి, బ్రేకు దగ్గర తల పెట్టి వెల్లకిలా పడుకున్నాను. నర్సు యూనిఫాం అంతా దుమ్ము. అమ్మ వంగి టార్చి పట్టుకుంది.

"ఇటు, ఇటు, పైకి ఎయ్యమ్మా."

"నాకేటి కనబడతాది? సప్పున లాగీ!"

పెట్టె అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. నల్లది. ప్లాస్టిక్ పట్టీలతో కట్టేశారు. కత్తెరకి తెగలేదు. ఇంట్లోంచి తెచ్చిన చేపలు కోసే కత్తితో ఒక్కొక్క పట్టీ తెంపాను. చెమట కళ్ళలోకి కారుతోంది. ఆ మనిషినీ, మర్యాదగల ఆ అమ్మాయినీ, వాళ్ళ సంబంధిత విభాగాన్నీ నాకు తెలిసిన నాలుగు భాషల్లోనూ తిట్టాను. అమ్మ ప్రార్థన చేసే మనిషి, అయినా ఆపమనలేదు. రెండు తిట్లు తనే అందించింది.

ఊడి నా గుండె మీద పడింది. తీగలన్నీ విడిపోయినా దాని చిన్న పచ్చ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, లోపల దానికంటూ ఒక బ్యాటరీ ఉన్నట్టుంది. అలాగే పట్టుకెళ్ళి ఆ అధికారి బల్ల మీద పెట్టాను. వెలగనివ్వు అందామె. ఇక్కడికే రానివ్వు అతన్ని.

వచ్చాడో లేదో నాకు తెలియదు. అతన్ని పిలిచి గట్టిగా చెప్పామని తర్వాత పోలీసులు ఫోన్లో చెప్పారు. మా గేటు దగ్గరికి మళ్ళీ రాలేదు. అయినా చాలాకాలం డ్యూటీకి దారులు మార్చి మార్చి వెళ్ళాను. వెనక అద్దంలో ఒకే కారు ఎక్కువసేపు కనబడితే పెట్రోల్ బంకులోకి తిప్పేదాన్ని. కంపెనీ నుంచి ఒకతను ఫోన్ చేసి, తమ సొత్తు ఎక్కడుందని అడిగాడు. పోలీసుల్ని అడగండి అని పెట్టేశాను. క్షమించమని ఎవరూ అనలేదు.

ఒక్క మనిషి తప్ప. డ్యూటీ దిగి కారెక్కుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్. ఆడగొంతు, మలయ్‌లో మాట్లాడింది. అతను మిమ్మల్ని ఏమైనా చేశాడా అన్నదే మొదటి మాట. లేదన్నాను. బండిలో ఏదో ఉందని తనకి ఎప్పుడూ అనుమానమేనట. ఎక్కడికి వెళ్ళినా ఇంటికొచ్చేసరికి అతనికి తెలిసిపోయేదట. సీట్ల కింద, డిక్కీలో, అంతా వెతికిందట. ఆ కూతని మాత్రం బండి కూతే అనుకుందట. "నా వల్ల మీకు ఇలా అయింది, క్షమించండి," అంది.

నా కోపం మళ్ళీ భగ్గుమంది. "నువ్వు అనకూడదు ఆ మాట. నువ్వు కాదు అనాల్సింది," అని గట్టిగా అన్నాను. అవతల ఏడుస్తోందో, నవ్వుతోందో తెలియలేదు.

ఎక్కడున్నావు అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరితో మాట్లాడినా ముందు అడిగేది అదే కదా. మింగేశాను. ఈ దేశంలో అందరం అందరినీ అడిగే ఇంకో మాట అడిగాను. సుదా మకాన్? తిన్నావా?

"ఇంకా లేదు," అంది. "అన్నం ఉడుకుతోంది."

"సరే, తిను," అన్నాను.