నా క్లాసులో దావీదు తప్పు చేయలేదు

జనగామలోని మా చర్చిలో పద్దెనిమిదేళ్లు సండేస్కూలు నడిపాను. నా క్లాసులో నోవహు ఏనాడూ తాగలేదు, యాకోబు తండ్రిని మోసం చేయలేదు, దావీదు మేడ ఎక్కి పక్కవాడి భార్యను చూడలేదు. రాయి విసిరాడు, గొల్యాతు పడ్డాడు, కిరీటం పెట్టుకున్నాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు. పసివాళ్లకు ఆ మురికంతా ఎందుకని మిగతా పేజీలు నేనే దాటించేదాన్ని.

ఒకసారి కంఠత వాక్యాల పోటీకి పిల్లల్ని మహబూబాబాదు తీసుకెళ్లాను. మా పదేళ్ల పాప ఒకతి అరచేతిలో వాక్యాలు రాసుకొని బహుమతి గెలిచింది. తిరుగు రైల్లో ఆ చెయ్యి పట్టుకొని అందరికీ చూపించాను. "దావీదు ఇట్ల చేసిండా?" అని నిలదీశాను. ఆ పాప మళ్లీ క్లాసుకు రాలేదు. నేనూ పిలవలేదు.

ఇక మా యారాలి సంగతి. యారాలంటే మా మరిది భార్య, గూడూరు పిల్ల. మరిదిని వదిలేసి వేరొకతనితో భూపాలపల్లి వెళ్లిపోయింది. రెండేళ్లకు ఒక్క సంచితో తిరిగొచ్చింది. మా మరిది తలుపు తీశాడు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంది, ఏడ్చింది. ఏడాదిపాటు ప్రభువు బల్ల ఆరాధనలో అందరూ పంచుకునే రొట్టె ముట్టకుండా వెనక చాప మీద కూర్చుంది. అంతవరకు నాకు బాగానే ఉంది. జాలిపడటం నాకు బాగా వచ్చు.

ఏడాది తిరిగాక ఆమెను బల్లలో చేర్చుకున్నారు. ఆ వెంటనే పాస్టరుగారు నాతో, "చిన్నపిల్లల క్లాసు ఆమెకిద్దామమ్మా, మీరు పెద్దోళ్లను చూసుకోండ్రి" అన్నారు. ఒక్క ఆదివారం కూడా మానని నేనూ, లేచిపోయి వచ్చిన తనూ ఒకటేనా? పైకి మాత్రం "దేవుని చిత్తం" అని, ఇంటికెళ్లి కోపమంతా గిన్నెల మీద చూపించాను. కృప కావాలని మోకాళ్ల మీద ఎన్నిసార్లు ఏడ్చానో. అదే కృప మా యారాలికి దొరికితే ఓర్వలేకపోయాను.

రెండో వారం చూస్తే, రైల్లో నేను తిట్టిన పాప ఆమె ముందు వరుసలో కూర్చుని ఉంది. కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఏదైనా తప్పు దొరికితే పాస్టరుగారి చెవిన వేద్దామని కిటికీ పక్కన నిలబడ్డాను. వెంటనే దొరికింది. నేను దాటించిన దావీదు పేజీయే చెబుతోంది.

"పక్కోని పెండ్లాన్ని తెచ్చుకున్నడు. ఆమె మొగన్ని చంపించిండు. ఊరంత రాజు మంచోడే అనుకున్నరు."

"మరి దేవుడు ఎల్లగొట్టిండా?" ఆ పాప అడిగింది.

"లేదు బిడ్డా. శిక్షయితే పడ్డది, మస్తు ఏడ్చిండు. గని దేవుడు ఇడువలేదు. ఆయన వంశంలనే యేసయ్య పుట్టిండు. మనమంత మంచోళ్లమే అయితే యేసయ్య వచ్చుడెందుకు?"

పాప అరచేతిని గౌనుకు తుడుచుకుంది. ఆ చేతిలో రాతలు పోయి నెలలయింది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. నా దగ్గర్నుంచి పారిపోయిన పిల్ల దాని దగ్గర చేరిందన్న అసూయ తప్ప నాలో ఇంకేమీ లేదు.

తర్వాతి ఆదివారం బల్ల. మా దగ్గర ఎవరి మీదైనా మనసులో కోపముంటే రొట్టె తీసుకోకుండా పళ్లెం పక్కవాళ్లకు ఇచ్చేస్తారు. చోటు లేక యారాలు ఆ రోజు నా పక్కనే కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, తీసుకోకుండానే పళ్లెం ఆమె చేతిలో పెట్టాను.

"ఏమైందక్కా?" మెల్లగా అడిగింది.

"నీ మీద కడుపుమంట," అన్నాను. "నీ మీద పాస్టరుగారికి చెప్దామనుకున్న."

"నాకెరుకే. కిటికీల నీ కొంగు కనవడ్డది." పళ్లెం మళ్లీ నా వైపు జరిపింది. "తీస్కో అక్కా. నువ్వు తీస్కున్నంకనే నేను."

వెనక వరుసవాళ్లు పళ్లెం కోసం చూస్తున్నారు. ఆ మంట నాలో అలాగే ఉంది. దానితోనే చెయ్యి చాచి ముక్క తీసుకున్నాను. ఆ తర్వాత ఆమె తీసుకుంది.

మరుసటి ఆదివారం, పెద్దపిల్లల క్లాసులో, దావీదును మేడ ఎక్కించాను.