అయస్కాంతం జారిన తలుపు

కార్ల సొట్టలు తీసే ఆ షెడ్డులోకి అడుగుపెట్టిన వాళ్లకి కార్ల కంటే ముందు స్తంభం మీద మేకుకు వేలాడే అయస్కాంతం కనబడుతుంది. గీతలు పడకుండా దానికి గుడ్డ చుట్టి ఉంటుంది. "బండి తీసుకెళ్లే ముందు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టి చూసుకోండి," అంటాడు మేస్త్రీ. ఇనప రేకు ఉన్నచోట అది టక్కున అతుక్కుంటుంది. సొట్టను సుత్తితో తీయకుండా లప్పం మెత్తి, పైన రంగేసి మాయ చేసిన చోట జారి పడుతుంది. మేస్త్రీ చేసిన బండి మీద అది ఏనాడూ జారలేదు. అందుకే ఆయనకు అయస్కాంతం మేస్త్రీ అని పేరు పడింది. ఆ పేరు మీది నమ్మకంతో ఈమధ్య దాన్ని పెట్టి చూసేవాళ్లే లేరు. ఆ పేరంటే ఎంత మురిపెమో, లప్పమంటే అంత మంట. "పైన పటారం, లోన లొటారం!" అని పక్క షెడ్ల వాళ్లకి వినబడేట్టే అనేవాడు. నోరు కాస్త పెద్దదే, ఒప్పుకోవాలి.

పనితనం మాత్రం ఆ నోటికి తీసిపోదు. తుప్పు తిన్న రేకును కోసేసి, కొత్త ముక్క అతికించి, వెనక ఇనప దిమ్మె ఆనించి ముందునుంచి సుత్తితో మెల్లగా తడుతూ పోయేవాడు. చివర్న అరచేతి కింద పల్చటి గుడ్డ వేసుకుని, కళ్లు మూసుకుని రేకు మీద రాసేవాడు. కంటికి ఆనని ఎగుడుదిగుడు కూడా ఆ చేతికి దొరికిపోయేది. ఆ చెయ్యి సరేనన్నాకే బండి బావమరిదికి అప్పగించేవాడు. రంగు పని బావమరిదిది. అతను ముందే వచ్చి రేకును తడిమితే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. "నీ పని నేనివ్వగానే మొదలవుద్ది. అందాకా చేతులు జేబులో పెట్టుకో," అనేవాడు. "పెట్టుకుంటాలే బావా, చిరుగు లేని జేబు కుట్టించు ముందు," అని నవ్వేవాడు అతను.

ఆ మధ్య ఒకరోజు మేస్త్రీ భార్య అన్నం వడ్డిస్తూ ఆయన వేళ్ల మీద బొబ్బలు చూసింది. అప్పుడే వెల్డింగు చేసిన రేకును పట్టుకున్నాడట. కాలినట్టే తెలియలేదట. "షుగరుకి వేళ్లు మొద్దుబారతాయని డాక్టరు చెప్పలేదూ?" అంది. "వేళ్లకేమో గానీ, నా అరచేతికి ఏ రోగమూ లేదు," అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఆమెకు చెప్పినదానికంటే తనకు తాను చెప్పుకున్నదే ఎక్కువ.

ఇలా ఉండగా టైలరమ్మ వచ్చింది. వాళ్ల నాన్న నడిపిన పాత కారును బట్టలు చేరవేయడానికి ఇప్పటికీ తిప్పుతోంది. కిందటేడు ఎవరో గుద్దితే మేస్త్రీయే డ్రైవరు వైపు తలుపు బాగుచేశాడు. ఇప్పుడు వెనక చక్రం పైన తుప్పు పట్టింది. మేస్త్రీ వంగి తుప్పు చూస్తుంటే, ఆమె అయస్కాంతం తీసి సరదాగా బండి మీద పెడుతూ వచ్చింది. బానెట్ మీద టక్కుమంది. డ్రైవరు వైపు తలుపు మీద మాత్రం జారి, సిమెంటు నేల మీద దబ్బున పడింది.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. అయస్కాంతం తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"ఒరేయ్, ఇలా రా!" అని అరిచాడు. బావమరిది తేలు కుట్టిన దొంగలా వచ్చి నిలబడ్డాడు. "నా పని మీద లప్పం పూస్తావా? ఇన్నేళ్ల నా పేరు మట్టిలో కలిపావు కదరా!"

మేస్త్రీ కోపంగా ఉప్పుకాగితం తీసి, రంగూ లప్పమూ పోయేదాకా రుద్దాడు. తన రేకు బయటపడింది. గుడ్డ వేసి, కళ్లు మూసి రాశాడు. అద్దంలా ఉంది. "చూడు, దీనికేం తక్కువైందిరా?" అంటూ కళ్లు తెరిచాడు.

తలుపు మీద పక్కనుంచి ఎండ పడుతోంది. ఆ వెలుగులో రేకంతా అలలు అలలుగా కనబడింది.

మళ్లీ రాశాడు. చెయ్యి మళ్లీ బాగుందనే చెప్పింది. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఆయనతో అబద్ధమాడటం అదే మొదలు. కాదు, మొదటిది కాదని కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. ఆయనకు ఏడుపొచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"కిందటేడు నుంచి బావా. చెబుదామనే అనుకున్నా, నోరు రాలేదు. నలుగురూ నిన్నో మాటంటే నేను చూడలేను."

మేస్త్రీ టైలరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, తప్పు వాడిది కాదు. నా చేతికి స్పర్శ తగ్గింది. బండి వేరేచోట చేయించుకో. ఏమీ అనుకోను."

ఆమె తలుపు వైపు చూసి, "నాకు సూదిలో దారం ఎక్కించడం చేతకాక చాన్నాళ్లయింది మేస్త్రీగారూ," అంది. "మా కోడలు ఎక్కిస్తది, నేను కుడతా. కుట్టు నాది కాదని ఎవరన్నా అంటే ఊరుకుంటానా?" తాళాలు బల్ల మీద పెట్టి, సాయంత్రం కనుక్కుంటానని వెళ్లిపోయింది.

మేస్త్రీ పీట మీద కూలబడ్డాడు. బావమరిది రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఎదురుగా నిలబడే ఉన్నాడు. చివరికి మేస్త్రీ లేచి, తలుపు వెనక దిమ్మె ఆనించి సుత్తి పట్టుకున్నాడు. తన అరచేతి కింద వేసుకునే గుడ్డ తీసి అతని మీదికి విసిరాడు.

"జేబులోంచి చేతులు తియ్యరా," అన్నాడు. "కళ్లు మూసుకుని రాయి. ఎక్కడ కొట్టాలో చెప్పు."