ఎస్తేరమ్మ టీచర్ అడిగిన పరీక్ష

పోయిన ఆదివారం వింజమూరు నుంచి ఫోను వచ్చింది: ఎస్తేరమ్మ టీచర్ ఇక లేరు. రానున్న వార్తేనని తెలిసినా మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను. ఆత్మకూరు ఉన్నత పాఠశాలలో మావి పక్కపక్క తరగతి గదులు. నాది తెలుగు, ఆమెది జీవశాస్త్రం.

పేగులు అదుపు తప్పే ఐబీఎస్ అనే వ్యాధి ఆమెను యౌవనం నుంచే వేధించింది. ఉదయగిరిలో పరీక్షల డ్యూటీ పడితే, బస్సు ప్రయాణానికి భయపడి ముందురోజు నుంచే నిరాహారం. మా స్టాఫ్‌రూమ్‌కు మాత్రం అది పరిహాస వస్తువు. "టీచరమ్మకు మళ్ళీ అర్జంటా?" అని నవ్విన ప్రధానోపాధ్యాయుడితో ఆమె, "నవ్వబాకండి సార్. ముందు ఆ బాత్రూముకు తలుపు పెట్టించండి," అన్నారు. తలుపు వచ్చింది. ఎగతాళి పోలేదు.

మందుల విషయంలో ఆమెది శాస్త్రదృష్టి. నొప్పి మాత్ర నొప్పిని కాస్త తగ్గించేది, విరేచనాలను ఆపేది కాదు. విరేచనాల మాత్ర వాటిని ఆపి, కడుపును రాయి చేసేది. చివరకు నెల్లూరులో ఒక వైద్యురాలు, మనోవ్యాధులకు వాడే మాత్రనే అతి స్వల్ప మోతాదులో ఇచ్చారు. కొన్ని వారాలకు గుణం కనిపించింది. "పిచ్చోళ్ల మాత్ర మనింట్లో ఏందే!" అని అత్తగారు గోల పెడితే, "ఇది పేగుల నరాలకి అత్తా. మోతాదు వేరే, పని వేరే," అని ఆమె ఎదుటే వేసుకున్నారు. అదే జబ్బుతో సలహాకు వచ్చినవారికి ఆమె చెప్పే మాట ఒకటే: "ఏ మందు గొప్పదని అడగబాకండి. ఎవురికి, ఏ బాధకి అని అడగండి."

నిరుడు మలంలో రక్తం కనిపించింది. మనిషి చిక్కిపోయారు. భర్త జాన్సన్ గారితో పాటు నేనూ ఆమెకు తోడుగా ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ డాక్టరు పేరు రాయను. ఆయనకు గిరాకీ ఇప్పటికీ తగ్గలేదు. పాత చీటీ చూసి మాత్ర మార్చారు.

"సార్, ఐబీఎస్‌లో రక్తం పడదు. లోపలికి కెమెరా ఏసి చూడండి," అన్నారు టీచర్.

"ఫోన్లో చదివి రాబాకమ్మా. నీ పాత జబ్బే. ఇది దానికంటే పవర్ మాత్ర."

"నేనడిగింది మాత్ర కాదు సార్, పరీక్ష."

ఆయన బెల్లు కొట్టి తరువాతి రోగిని పిలిచారు. ఆ మాత్ర తరువాత ఇంకో మాత్ర. చివరకు చెన్నైలో పరీక్ష జరిగేనాటికి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది.

సంతాప సభలో ప్రధానోపాధ్యాయుడు, "చిరునవ్వుతో వ్యాధిని భరించిన సహనమూర్తి," అన్నారు. జాన్సన్ గారు లేచారు. "మా ఆమె భరించలేదు సార్. నోరు తెరిచి అడిగింది. ఎవురూ ఇనలేదు," అని కూర్చున్నారు.

నిర్భీక వాక్కుకు, నిర్మల వివేకానికి నా అశ్రునివాళి. ఆ పోస్టులోకి బదిలీపై ఎవరో వస్తారు, జీర్ణవ్యవస్థ పాఠం చెబుతారు. ఏ ఆడపిల్లయినా సిగ్గు విడిచి "కడుపులో నొప్పి టీచర్" అని చెప్పుకుంటే, పాఠం ఆపి వినే మనిషి మాత్రం ఇక మా బడిలో లేరు.