మోకాళ్ల నూనె సీసా

మాట పలికి వెలుగు కలిగించిన దేవునికి స్తోత్రం. ఆయన నోటి మాటకూ ఆయన చేతి పనికీ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండదు. నా మాటకూ నా పనికీ మధ్య ఎంత వెడల్పు సందు ఉందో చూపించి, నన్ను సిగ్గుపరిచి బుద్ధి చెప్పినందుకు ఆయనకు మరొకసారి స్తోత్రం. ఇక జరిగిన సంగతి చెబుతాను.

నేను విశాఖ ఓడరేవు దగ్గర, ఓడల పనులు చూసే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ల మనిషిని. ఏ ఓడ ఎప్పుడు వస్తుంది, ఏ సరుకు ఎక్కడ దిగుతుంది అన్న జాబితాలు తయారుచేసి ఉదయాన్నే అందరికీ పంపడం నా పని. ఆఫీసులో అందరూ మౌసు పట్టుకుని తెర మీది బొమ్మలు నొక్కుతారు. నేను మాత్రం నల్ల తెర తెరిచి, ఏం చేయాలో ఒక్కొక్క ఆజ్ఞగా టైపు చేస్తాను. కమాండ్ లైన్ అంటారు దాన్ని.

నా పక్క కుర్చీ అతను తాతల కాలంలో గోదావరి నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబం వాడు. ప్రతి శనివారం సింహాచలం కొండెక్కి, బొట్టుతో ఆఫీసుకు వస్తాడు. నన్ను చూసి నవ్వని రోజు లేదు.

"ఏటి బావా, ఇంకా ఆ నల్ల పలకేనా? లోకమంతా రంగుల్లో ఉంటే నువ్వు సుద్దముక్కతో ఓనమాలు దిద్దుతన్నావ్!"

"నీ తెర మీద ఆ రంగుల చక్రం పావుగంట నుంచి తిరుగుతోంది, చూసుకో ముందు" అనేవాణ్ణి.

నా అభిప్రాయం నాకుంది. బొమ్మ మీద నొక్కితే లోపల ఏం జరిగిందో మనకు తెలియదు. నల్ల తెర అలా కాదు. రాసింది జరుగుతుంది, రాయనిది జరగదు. తప్పు రాస్తే ముఖం మీదే చెబుతుంది. సండే స్కూల్లో శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, యేసుతో అన్న మాట విన్నప్పటి నుంచి నాకు అదొక ముచ్చట. ఒకణ్ణి పొమ్మంటే పోతాడు, ఒకణ్ణి రమ్మంటే వస్తాడు. మాట అంటే అలా ఉండాలి అనుకునేవాణ్ణి.

గోపాలపట్నంలో మా సంఘం చిన్నది. పూర్వం ప్రార్థన మనవులు చీటీల మీద రాసి, గుమ్మం పక్కన పెట్టెలో వేసేవారు. ఫోన్లు వచ్చాక, మనవులన్నీ ఒక నంబరుకు పంపమన్నారు మా పాస్టరు. మేమంతా ఆయన్ని అయ్యగారూ అంటాం. "నాకు ఆ చిన్న అక్షరాలు ఆనవు నాయనా, నువ్వు చూడు" అని ఆ నంబరు నాకు అప్పగించారు. నియమం ఒక్కటే. వచ్చిన ప్రతి మనవికీ జవాబివ్వాలి, ఆ మనిషి కోసం ప్రార్థించాలి. బుధవారం ఉపవాస ప్రార్థనలో అందరి పేర్లూ చదవాలి.

మొదట్లో ఒక్కొక్కటే చదివి, ఆఫీసు మెట్ల కింద నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థించి, ఆ తరువాతే జవాబు రాసేవాణ్ణి. మనవులు పెరిగాయి. జ్వరాలు, పరీక్షలు, వీసాలు, కోడళ్లు, బోరులో నీళ్లు. వాటి మధ్యలో పూల బొమ్మల మీద వాక్యాలు అచ్చేసిన శుభోదయాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పదిహేను వరసల ప్రోగ్రాము రాశాను. ఎవరు మనవి పంపినా అదే జవాబిస్తుంది: "మీ మనవి అందింది."

వారం తిరక్కుండా ఒక ముసలమ్మ నన్ను గుమ్మం దగ్గర పట్టుకుంది. "ఏటి బాబూ, కరెంటోలు బిల్లు కట్టమని పంపినట్టున్నాది. మనిసి మాట లేదేటి?"

ఆమె అన్నదీ నిజమే. అందుకని మాట మార్చాను. పంపిన మనిషిని బట్టి అక్కా అనో అన్నా అనో పిలిచి, "ఇప్పుడే మీ కోసం మోకరించి ప్రార్థిస్తున్నాను" అని ప్రోగ్రామే రాసేటట్టు చేశాను. అందరూ సంతోషించారు. ఎంత పనిలో ఉన్నా క్షణంలో పలుకుతాడని నాకు పేరొచ్చింది. బుధవారం పేర్లన్నీ ఎలాగూ చదువుతున్నాను కదా, దేవునికి సోమవారం, బుధవారం అని తేడా ఏముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పక్క కుర్చీ అతను ఒకసారి ఆ వరసలు చూసి చెంపలు వేసుకున్నాడు. "అన్నాయం బావా! మా కొండ మీద అర్చనకి ఆన్‌లైన్లో టికెట్టు తీసినా, పంతులుగారు నోటితో గోత్రం సదువుతాడు. నీ కాడ అదీ లేదు."

నవ్వేసి ఊరుకున్నాను.

మా సంఘంలో ఒక అక్క ఉంది. బడిలో ఆయాగా పనిచేస్తుంది. ఆమె భర్త స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద బరువులెత్తే ఖలాసీగా పనిచేసిన మనిషి. ఆయనకు గుండె ఆపరేషన్ పడింది. సోమవారం ఉదయం లోపలికి తీసుకెళ్లారు. ఆ రోజు ఒక ఓడ చెప్పిన సమయానికి ముందే వచ్చేసి, నా జాబితాలన్నీ తారుమారయ్యాయి. మనవుల నంబరు ముట్టుకోలేదు. చూసింది మంగళవారం సాయంత్రం.

ఆమె దగ్గర నుంచి పన్నెండు సందేశాలు ఉన్నాయి. "లోపలికి తీసుకెల్లిపోనారు." "రెండు గంటలయింది, ఎవులూ బయటికి రాలేదు." "ఇంకో బాటిల్ రక్తం అడిగేరు. దేవా." "తమ్ముడూ, సేత్తన్నావా?" ప్రతి దాని కిందా నా జవాబు ఉంది. అక్కా, ఇప్పుడే మీ కోసం మోకరించి ప్రార్థిస్తున్నాను. పన్నెండుసార్లు, అవే అక్షరాలు.

నాలుగు గంటలపాటు ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని ఆమె నాతో మాట్లాడింది. నేను అక్కడ లేను.

ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసింది. ఆ ఆదివారం ఆమె ఆసుపత్రి నుంచే ఆరాధనకు వచ్చి, చీర కొంగులోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. మోకాళ్ల నొప్పులకు రాసే నూనె.

"నాలుగ్గంటలు మోకాళ్ల మీదున్నావు, తమ్ముడూ. గచ్చు మీద. ఎలగున్నాయో ఏటో! వేడి సేసి రాసుకో. ఆయన్ని ఇంటికి పంపీగానే, వచ్చే ఆదివారం నీ పేరెట్టి సాచ్చెం సెప్తాను."

ఎదుట పదిమంది ఉన్నారు. సీసా తీసుకున్నాను. తీసుకోవడం రెండో అబద్ధం.

అయ్యగారి దగ్గర మాత్రం ఒప్పుకున్నాను. "నాకు చెప్పడం తేలికే నాయనా. నూనె ఇచ్చింది నేను కాదు కదా" అన్నారు.

శనివారం ఆమె ఇంటికి వెళ్లాను. భర్త మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆమె టీ గ్లాసు ఇచ్చింది. తాగకుండా పక్కన పెట్టి, ప్రోగ్రాము సంగతి మొదటి నుంచి చెప్పాను.

"అంటే ఆ జవాబులు?"

"మిషన్ పంపింది అక్కా."

"నువ్వు సూడనే లేదా?"

"మంగళవారం సాయంత్రం చూశాను."

"నానొక్కద్దాన్నే కాదనుకొని దయిర్యంగా కూకున్నాను. ఒక్కద్దాన్నే అన్నమాట."

మంచం మీది మనిషి గొంతు సవరించుకున్నాడు. "ఒలే, పన్నెండు మార్లు దేవుడి పేరెట్టి రాసింది నువ్వే గదే. మరి అది పార్దన కాదేటి?"

"మీరు మాటాడకండి, కుట్లూడతాయి!" అని ఆయన్ని కసిరి, నా వైపు చెయ్యి చాపింది. "నూనె సీసా తెచ్చేవా?"

సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. దాన్ని గూట్లో పెట్టి, వంటగదిలోకి వెళ్లిపోయింది. నేను టీ తాగి వచ్చేశాను. చల్లారిపోయింది.

మరుసటి రోజు సాక్ష్యాల సమయంలో ఆమె లేచి, "మా ఆయన బతికేడు. దేవుడికి స్తోత్రం" అని కూర్చుంది. నా పేరు లేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. తరువాత నేనే లేచి, ఆ జవాబులు ఎవరు పంపారో అందరికీ చెప్పాను. కరెంటు బిల్లు ముసలమ్మ "అనుకున్నానర్రా" అని పైకే అంది.

ప్రోగ్రాము తీసెయ్యలేదు. పనిముట్టు మీద నాకు కోపం లేదు. నేను ఏది రాస్తే అదే పంపింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అబద్ధం దానిది కాదు. ఇప్పుడు అది "మనవి అందింది. ఇది కంప్యూటరు మాట. నంబరు చూసే మనిషి చదివాక జవాబిస్తాడు" అని పంపుతుంది. బిల్లులాగే ఉందని అందరూ విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆయా అక్క మటుకు మళ్లీ సందేశం పెట్టలేదు. మూడు వారాలు చూశాను. నాలుగో వారం, పదకొండు గంటలప్పుడు, ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. ఆయా అక్కే. పలకరింపు కూడా లేదు.

"రాత్రి ఆయనకి ఆయాసం వచ్చింది. రేపు మల్లా పరీచ్చ సేత్తారట. పార్దన సెయ్యి."

"తప్పకుండా అక్కా, చేస్తాను."

"సేత్తానంతే కాదు. ఇప్పుడే సెయ్యి. నోటితో. నాను ఫోన్లో ఇంటన్నాను."

చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. ఎదుట నల్ల తెర మీద ఒక ఓడ జాబితా సగంలో ఆగి ఉంది. బయటికి వెళ్లి చేస్తానందామనుకున్నాను. ఫోనులో ఆమె ఊపిరి వినబడుతోంది. కుర్చీ వెనక్కి జరిపి, బల్లల మధ్య సందులో మోకరించాను. ఆఫీసు గచ్చు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె భర్త పేరు పలికి, ఆయన గుండెను, ఆయాసాన్ని, రేపటి పరీక్షను దేవుని ముందు పెట్టాను. పక్క కుర్చీలో కీబోర్డు టకటకలు ఆగిపోయాయి. నేను ఆమెన్ అనేసరికి అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల వంచి ఉన్నాడు.

"ఆమెన్" అంది ఆమె. కొంచెం ఆగి, "మోకాళ్ల మీదేనా?" అని అడిగింది.

"మోకాళ్ల మీదే అక్కా."

"సరే" అని పెట్టేసింది.

పరీక్షలో మందులు మార్చారు. ఆయాసం ఇంకా పూర్తిగా తగ్గలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఆమె ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి ఫోను చేస్తుంది. సీసా ఇంకా ఆ గూట్లోనే ఉంది. నేను అడగలేదు.

ఇంతవరకూ చదివిన మీకు ఒక మనవి. ప్రార్థిస్తామని నాకు కబురు పంపకండి. ఈ పేజీ తిప్పకముందే, మీరున్న చోటనే, నాతోపాటు నోరు తెరిచి అడగండి: ప్రభువా, ఆ ఖలాసీ గుండెకు బలమివ్వు. ఆసుపత్రి బల్ల మీద కూర్చునే ఆ అక్క పక్కన నువ్వు కూర్చో. మేము పలికిన మాట మా మోకాళ్ల దాకా దిగేటట్టు చెయ్యి. ఇది మీరు కూడా పైకి అనండి. ఆ రోజు ఫోనులో విన్నట్టే ఆమె వింటుంది.