వాగు ఆల్చిప్పకు సున్నా

ఒక్క మార్కు కోసం ఇంత రభస అవసరమా అని తోటి టీచర్లు నన్నే తప్పుపట్టారు. అవసరమే. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

మణుగూరు దాటాక అడవి అంచున మా ప్రాథమిక పాఠశాల. సగం మంది బొగ్గుగని కాలనీ పిల్లలు, సగం మంది అడవి ఊళ్ల పిల్లలు. మూడో తరగతికి నీటిలో బతికే జీవుల పాఠం వచ్చింది. పుస్తకంలో బొమ్మలు చూపించి ఊరుకోవడం నా వల్ల కాదు. బడి వెనకే వాగుంది, తీసుకెళ్లాను.

ఎంత వెతికినా ఆల్చిప్ప నాకు దొరకలేదు. అడవి ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి, తరగతిలో నోరు విప్పితే ఒట్టు, మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. ఇసుకను కాలివేళ్లతో తడుముతూ ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టింది. వాళ్లింట్లో వండుకుంటారట.

వాటిని బురదనీళ్ల బకెట్లో వేశాం. పక్కన అవి లేని ఇంకో బురద బకెట్ పెట్టాం. బడి వదిలే వేళకు మొదటి బకెట్లో అడుగు కనిపించింది. ఇవి నీటిని లోపలికి పీల్చి, అందులోని నలుసులు తిని, తేటనీళ్లు బయటికి వదులుతాయని చెప్పాను. ఆ అమ్మాయి బకెట్లోకి తొంగిచూసింది.

"మరి అన్ని మనమే వండుకుంటే వాగునెవరు కడుగుతరు మేడం?"

పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. వాటిని తిరిగి వాగులో వదిలింది కూడా తనే.

నెల తిరగకుండానే పరీక్ష వచ్చింది. ప్రశ్నపత్రం పైనుంచే వస్తుంది, జవాబుల కీ కూడా. 'ఆల్చిప్పలు ఎక్కడ నివసిస్తాయి?' అన్న ప్రశ్నకు ఆ అమ్మాయి 'మా వాగులో' అని రాసింది. రైటు కొట్టాను. తనిఖీకి వచ్చిన సారు దాన్ని ఎర్రపెన్నుతో కొట్టేసి సున్నా చుట్టాడు.

"కీల సముద్రమని ఉంది మేడం."

"సముద్రంల ఉంటయి, వాగుల గూడ ఉంటయి సార్. వాగు గీ గోడ వెనకాలనే ఉంది. రండి, చూపిస్త."

"నేను కీ చూడాలె గని వాగు చూస్తనా? ఒక్క మార్కే కద, ఇడిసిపెట్టండి."

ఒళ్లు మండిపోయింది. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేనే పెళ్లయ్యాక చూశాను. గైడు బట్టీపట్టిన వాళ్లందరికీ మార్కు, చేత్తో తీసి చూపించిన పిల్లకు సున్నా. పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఆ అమ్మాయి మాత్రం పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

తర్వాతి పరీక్షలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె గుండ్రటి అక్షరాలతో 'సముద్రంలో' అని రాసింది. పిలిచి అడిగాను.

"గిట్ల రాసినవేంది బిడ్డా? వాగుల నువ్వే తీసినవ్ కద?"

"వాగుల ఉంటయి మేడం. పరీక్షల సముద్రమని రాయాలె."

సారు అప్పటికింకా తనిఖీకి రాలేదు. రైటు కొట్టింది నేనే.